బొమ్మ ముందుగదిలో పడింది

కోరుట్లలో బట్టల దుకాణాల సందులోకి తిరగ్గానే సలావుద్దీన్ ఫోటో స్టూడియో కనిపిస్తుంది. గణేశ్ మామ బండికి స్టాండు వేయకముందే నీల దిగేసింది. చున్నీ సర్దుకుని, మెట్ల దగ్గర చెప్పులు విడిచి, లోపలికి పోవాలో మామ కోసం ఆగాలో తెలియక గడపలోనే నిలబడిపోయింది.

"గంత తొందరేంది బిడ్డా? స్టూడియోకు కాళ్లున్నయా, ఏడికన్న ఉరుకుతదా?" అన్నాడు మామ, తాళంచెవి వేలికి తిప్పుతూ.

స్టూడియో ఎక్కడికీ ఉరకదు. ఉరికి వచ్చేది శుక్రవారం. అది రేపే.

నీల బాపు జలపతి అరబ్బు దేశంలో, దమ్మామ్‌లో పనిచేస్తాడు. అక్కడ ఆయనకు సెలవు శుక్రవారం ఒక్కటే. ఎండాకాలం మొదట్లో నీలకు హాఫ్‌శారీ ఫంక్షన్ చేసినప్పుడు రావడానికి వీలు కాలేదు. ఫోన్లో చూద్దామన్నా ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. "వీడియో మొత్తం తయారైనంక ఒక్కపారే సూస్త. ముక్కలు ముక్కలు నాకద్దు" అని పంతం పట్టి, అప్పటినుంచి ఫోటోలు కూడా చూడకుండా కూర్చున్నాడు. పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బిడ్డా, రేపు జుమ్మా అయినంక రూమోళ్లందరం కూసుంటం. గంభీరావుపేటాయన బిర్యాని అండుతుండు. పక్క రూమోళ్లు పెద్ద టీవీ ఇస్తమన్నరు. లింకు పెట్టుమని సలావుద్దీన్ భాయ్‌కి యాది చెయ్యి."

బండి మీద వస్తూ కూడా నీల ఆ మెసేజ్ చెవికి ఆనించుకుని విన్నది. విన్న ప్రతిసారీ ఫోన్ దించి మామ వీపు వైపు చూసింది. ఎందుకంటే ఆ వీడియోలో ఒకచోట మామ మైకు పట్టుకుంటాడు.

మేనమామ చీర పెట్టాలి గనక ఆ రోజు పెద్దరికమంతా గణేశ్ మామదే. టెంటు వేయించింది, వంటవాళ్లను మాట్లాడింది, చుట్టాలను కూర్చోబెట్టింది ఆయనే. పగలంతా తిరిగి తిరిగి అలసిపోయి పొద్దుగూకే వేళకు కొంచెం తాగాడు కూడా. చీర పెట్టడం అయ్యాక డీజే అతని చేతిలోంచి మైకు గుంజుకుని, నీల భుజం మీద చెయ్యేసి అందుకున్నాడు. "చీర పెట్టినోన్ని నేను. పందిరేసినోన్ని నేను. మరి దీని బాపు ఏడున్నడుల్లా? ఫోన్ల ఉన్నడు! తండ్రంటే ఫోన్ల ఉండెటోడా, పక్కన నిలవడెటోడా? చెప్పుండ్రి, ఇయ్యాల దీనికి తండ్రి ఎవ్వలు?"

జనం నవ్వారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నీల అమ్మ అమృత మాత్రం తాంబాలంలో పువ్వులు సర్దుతున్నట్టుగా తల వంచుకుంది. కెమెరా అదంతా చూస్తూనే ఉంది.

తెల్లారి ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మామకు అసలు గుర్తుందో లేదో. కానీ రేపు దమ్మామ్‌లో రూము నిండా మనుషులు బిర్యానీ తింటూ ఆ మాటలు వింటారు. వాళ్ల నడుమ బాపు కూర్చుని ఉంటాడు. అప్పుడు ఆయన చేతిలో ముద్ద ఏమవుతుంది? నోట్లోకి పోతుందా, పళ్లెంలోకి తిరిగి వస్తుందా? కొన్ని రోజులుగా నీలకు అదే కళ్లముందు కదులుతోంది.

అందుకే ఆల్బంకు ఫోటోలు ఏరాలని ఇంట్లో అబద్ధం చెప్పింది. కథలాపూర్ దగ్గర వాళ్ల ఊరికి బస్సు వచ్చినప్పుడు వచ్చినట్టు, లేనప్పుడు లేనట్టు. మామ మాటలు తీయించడానికి మామ బండే ఎక్కాల్సి వచ్చింది. దారంతా ఒకే వాక్యాన్ని నోట్లో నానబెట్టుకుంటూ వచ్చింది: అక్కా, మా మామ మైకుల మాట్లాడింది తీసెయ్యి. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తడం తప్ప నోరు తెరవని పిల్లకు అది చిన్న వాక్యం కాదు.

ముందుగదిలో సోఫాకు, టీవీ రిమోటుకు, గోడకున్న గడియారానికి కూడా కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు అట్లాగే ఉన్నాయి. గోడమీది పెద్ద టీవీలో ఎవరిదో పెండ్లి, పైనుంచి డ్రోన్ తీసింది, తిప్పి తిప్పి వస్తోంది. పాస్‌పోర్టు ఫోటోల కోసం వచ్చిన రుక్కమ్మ అనే పెద్దావిడ సోఫా చివర కూర్చుని విసనకర్రలా కొంగు ఊపుకుంటోంది. మామ ఆమె పక్కనే కూలబడ్డాడు. సోఫా కరకరలాడింది.

"గీ టీవీల మ్యాచ్ రాదా?" అన్నాడు.

"రాదంకుల్. పెన్‌డ్రైవ్‌ల పెండ్లిల్లే అస్తయి" అంటూ పరదా పక్కకు తీసి సలావుద్దీన్ కూతురు అస్మా తొంగిచూసింది. నీల కంటే రెండు మూడేళ్లు పెద్దది. వీడియోలు కత్తిరించి అతికించేదంతా ఆమే. చేతిలో స్క్రూడ్రైవరు, నుదుటి మీద దుమ్ము గీత. "నీలవు గదా? రా. కానీ ఇయ్యాల ఏం సూపియ్యలేను. మా సిస్టం పండుకున్నది."

నీల నోట్లో నానిన వాక్యం గొంతులోకి జారిపోయింది.

వెనక గదిలో కంప్యూటర్ పెట్టె ఒక పక్క తలుపు తీసి బల్లమీద ఉంది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నీలి లైటు వెలుగుతోంది. దాని ఎదుటి స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. నల్లదనం మధ్యలో 'నో సిగ్నల్' అనే చిన్న డబ్బా ఈ మూల నుంచి ఆ మూలకు తచ్చాడుతోంది.

"పాత గ్రాఫిక్ కార్డు అడుగడుగునా ఆగుతుందని మా అన్న యాసర్ దుబాయ్ నుంచి కొత్తది పంపిండు" అంది అస్మా. "పొద్దున మా అబ్బ దాన్ని వెట్టి, వైర్లు వెట్టి, బిస్మిల్లా అని స్విచ్చేసి, సిరిసిల్లల పెండ్లి ఉన్నదని కెమెరా పట్టుకొని పోయిండు. అప్పటిసంది గిదే కథ."

ఆమె స్క్రీన్ వైరు పీకి మళ్లీ పెట్టింది. నో సిగ్నల్. స్క్రీన్ ఆపి మళ్లీ వేసింది. నో సిగ్నల్. కంప్యూటర్ మొత్తం బంద్ చేసి, కార్డు ఊడదీసి, బంగారు రంగు పళ్లను మెత్తటి గుడ్డతో తుడిచి, టక్కుమని చప్పుడయ్యేదాకా మళ్లీ నొక్కింది. కరెంటు పిన్ను కదిలించి చూసింది. స్విచ్ వేయగానే కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సంగీతం ఎప్పటిలాగే వినిపించింది.

"విన్నవా? లోపల మంచిగనే నడుస్తుంది. మనకే మొఖం సూపిస్తలేదు" అంది అస్మా. "రేషం వట్టింది దీనికి, అలిగి కూసున్నది."

నీల నవ్వలేకపోయింది. "ఇయ్యాల కాకుంటే..." అని ఆగింది.

"నీదాని గురించి భయపడకు. అబ్బ చెప్పిండు, జలపతన్నకు మాటిచ్చిన అని. గిది నడువకుంటే కెమెరాల ఉన్నది ఉన్నట్టు ల్యాప్‌టాప్ నుంచి ఎక్కించి లింకు పంపేస్తడు. దాంట్ల కట్టింగు రాదు. పాటలుండయి, పూలు రాలుడు ఉండది, అంతే. మొత్తమైతే అస్తది."

మొత్తం. అంటే మామ మైకు కూడా. పరదా అవతల మామ రిమోటు బటన్లు టకటక నొక్కుతున్నాడు. "అయిందా బిడ్డా? ఫోటోలు ఏరుడు గింతసేపా?" అని అరిచాడు.

"అయితాంది మామా" అంది నీల. అది ఆమెకే వినపడలేదు.

అస్మా వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. అవతల బ్యాండు మోత. "అబ్బా, తెర వైరు ఏడ వెట్టినవ్? ఆఁ? పాతకాడనా? ఎందుకు? మూతలేంది?" అంటూ పెట్టె వెనక్కి వంగింది. ఒక్క క్షణం కదలకుండా ఉండి, తర్వాత నుదురు కొట్టుకుంది. "నీలా, గిటు రా. మా అబ్బ పని సూద్దువు."

పెట్టె వెనక కింది భాగంలో కొత్త కార్డుకు వరుసగా రంధ్రాలున్నాయి. ఒకదాంట్లోంచి ఏదో నల్ల వైరు గోడ వెంట పోతోంది. మిగతావాటికి నల్ల రబ్బరు మూతలు. స్క్రీన్ వైరు మాత్రం పైన, పాత రంధ్రంలో ఉంది.

"దుమ్ము వోతదని మూతలు తియ్యలేదంట! కొత్త కార్డు పెట్టినంక పాత తొర్ర పనిచెయ్యదు, గా సంగతి ఆయనకు తెల్వదు" అంది అస్మా. "మా ఇంట్ల ఫ్రిజ్‌కు ఇంక అట్ట కూడ తీయలేదు తెలుసా? యాసర్ భాయ్ పంపిన సూట్‌కేసుకు కవర్, గా కవర్ మీద ఇంకో కవర్."

"మా ఇంట్ల గూడ. బాపు పంపిన మిక్సీకి" అంది నీల. అంత మాట తన నోటినుంచి వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది.

అస్మా గోటితో ఒక మూత లాగి, వైరు కిందికి మార్చింది. స్క్రీన్ ఒక్కసారి మెరిసి, నీలి రంగులో చెరువూ కొండా కనిపించాయి. నీలకు ఊపిరి వచ్చింది. ఇప్పుడు చెప్పాలి. మళ్లీ చీకటి కాకముందే చెప్పాలి.

"అక్కా" అంది. "ఫోటోల కోసం కాదు నేనచ్చింది. గా వీడియోల... మా మామ మైకు పట్టుకుంటడు సూడు. గది తీసెయ్యాలె. బాపు సూడద్దు."

అస్మా కుర్చీ తిప్పి ఆమె వైపు చూసింది. "నిన్న నేను గూడ గక్కడనే ఆపిన" అంది మెల్లగా. "ఉంచాల్నా తీయాల్నా తెల్వలే. మా యాసర్ భాయ్ గూడ మీ బాపు లెక్క పరదేశంలనే ఉన్నడు గదా. అట్లనే ఇడిసిపెట్టి లేసిన, మల్ల తెరిస్తే గాడికెల్లే మొదలైతది."

"తీసెయ్యి అక్కా."

"తీస్త. ఆగు." అస్మా మౌసు కదిలించింది. ముఖం ముడిచింది. స్క్రీన్ మీద చెరువూ కొండా తప్ప ఏమీ లేదు. ఫైళ్ల బొమ్మలు లేవు, కింది పట్టీ లేదు. మౌసు బాణం మాత్రం ఒంటరిగా కొండ మీద తిరుగుతోంది. "ఏందిది? అన్నీ ఎటువోయినయ్? యా అల్లా, నా పనంతా ఉడ్చుకపోయిందా?"

ఎక్కడ నొక్కినా ఏమీ తెరుచుకోలేదు. నీల కుర్చీ వెనక నిలబడి చున్నీ కొసను వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. అస్మా మౌసు వదిలేసి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఎడిటింగు ప్రోగ్రాం పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. కొండ కదల్లేదు. చాలాసేపటికి కూడా కదల్లేదు. "ఆగిపోయిందా, నడుస్తుందా?" అని గొణిగి, పరీక్షకన్నట్టు పొడుగు బటన్ ఒకసారి నొక్కింది.

స్పీకర్లలోంచి మామ గొంతు పెద్దగా వచ్చింది.

"చీర పెట్టినోన్ని నేను. పందిరేసినోన్ని నేను. మరి దీని బాపు ఏడున్నడుల్లా?"

స్క్రీన్ మీద చెరువే ఉంది. గొంతు మాత్రం గదంతా నిండింది.

"బంద్ చెయ్ అక్కా! బంద్ చెయ్!"

అస్మా బటన్ మీద బటన్ నొక్కింది. కంగారులో పడిన వేలు దేనిమీద పడిందో, గొంతు ఇంకా పెరిగింది. నవ్వులు, చప్పట్లు. "ఇయ్యాల దీనికి తండ్రి ఎవ్వలు?"

అప్పుడే పరదా అవతల నుంచి రుక్కమ్మ మాట స్పష్టంగా వినిపించింది. "వీని నోట్ల మన్నువడ, ఎవ్వడాడు? ఆడివిల్ల పండుగల గిట్లేనా మాట్లాడేది? మైకు దొరికితే సాలు కొంతమందికి!" సోఫా కరకరలాడింది. తర్వాత అదే గొంతు చాలా మెత్తబడి, "అయ్యో... నువ్వేనా అయ్యా గది?" అంది.

అస్మా పెట్టె వెనక గోడ వెంట పోయిన నల్ల వైరును చూసింది. ఆ వైరు గోడలోని తొర్రలోంచి ముందుగదిలోకి పోతోంది. "బొమ్మ గా టీవీల వడుతుంది నీలా" అంది నోరు మీద చెయ్యి పెట్టుకుని. "గదాన్నే మొదటి స్క్రీన్ అనుకుంటుంది గీ కార్డు. పొద్దటిసంది అన్నీ గాడనే ఉన్నయ్. అంకుల్ రిమోట్ నొక్కంగ టీవీ పెన్‌డ్రైవ్ ఇడిసి దీనికి మారింది, ఇగ సూడు."

పరదా జరిగింది. గడపలో మామ నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు తొడిగిన రిమోటు అట్లాగే ఉంది. బొమ్మ ఆగిపోయినట్టుంది, గొంతు లేదు. ఆయన నీల వైపు చూడలేదు. బల్లమీద స్క్రూడ్రైవరు వైపు చూశాడు.

"గట్ల అన్ననా నేను?" అన్నాడు.

అస్మా కుర్చీ పక్కకు జరుపుకుంది.

"గంతమంది ముంగట?"

నీలకు పరుగెత్తి మెట్లు దిగిపోవాలనిపించింది.

"నువ్వు ఫోటోలకు అచ్చినవా, గిందుకచ్చినవా?"

ఆ ప్రశ్నకు తల ఊపితే సరిపోదని నీలకు తెలుసు. "గిందుకే అచ్చిన మామా" అంది. "రేపు రూముల అందరు సూస్తరు. బాపు అందరి నడుమ కూసుంటడు. ఆయినె ఎటు సూడాలె?"

మామ ముఖం ఎర్రబడింది. తిడతాడనుకుంది. ఆయన గోడకు ఆనుకుని, జేబులోంచి ఫోన్ తీసి, పేరు వెతికి నొక్కాడు. అవతల ఏదో యంత్రం గరగరలాడుతున్న చప్పుడు, దాని మీదుగా బాపు గొంతు: "ఏం గణేశ్, గీ పూట చేసినవ్?"

"ఏం లేదు బావా." మామ గొంతు సవరించుకున్నాడు. "తిన్నవా?"

"ఇంకెక్కడ తినుడు, డ్యూటీల ఉన్న."

"ఔ. ఎండలున్నయా?"

"ఎండలు లేకుంటేంది, మంచు వడుతదా? ఏమైంది, అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు. మంచిగున్నరు. ఊకనే చేసిన." మామ నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. "సరే, పని చేస్కో బావా" అని పెట్టేశాడు.

ఫోన్ చేతిలో అటూ ఇటూ తిప్పి అస్మాతో అన్నాడు. "బిడ్డా, జర సాఫ్‌గ తియ్యి. ఏడ తీసినవో తెల్వద్దు." తర్వాత ముందుగదిలోకి పోలేదు. అక్కడ రుక్కమ్మ ఉంది. అట్లాగని ఇక్కడా ఉండలేక వెనక తలుపు తీసుకుని సందులోకి పోయాడు.

అస్మా నల్ల వైరు పీకింది. ముందుగదిలోనిదంతా ఎగిరి వచ్చినట్టు ఫైళ్లూ పట్టీలూ రంగురంగుల వీడియో ముక్కలూ ఎదుటి స్క్రీన్ మీద వాలాయి. మధ్యలో నోరు తెరిచి మైకు పట్టుకున్న మామ, ఆయన చెయ్యి కింద తలవంచుకున్న నీల, పక్కన అమ్మ.

"ఏడికెల్లి ఏడిదాక?" అంది అస్మా.

నీల స్క్రీన్ మీద వేలు పెట్టింది. "చీర పెట్టినంక, మామ చెయ్యి మైకు దిక్కు పోకముందే ఆపు. మల్ల అమ్మ తలెత్తినకాడ మొదలువెట్టు."

అమ్మ తలెత్తేదాకా చాలా పోవాల్సి వచ్చింది. మామ మాట అయిపోయింది, నవ్వులు అయిపోయాయి, డీజే పాట మొదలైంది, చుట్టాలు అన్నాలకు లేచారు. అమ్మ పువ్వులు సర్దుతూనే ఉంది. అస్మా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. అమ్మ తలెత్తాక, అక్కడిదాకా ఉన్నదంతా కత్తిరించింది. తిరిగి పోయేటప్పుడు మామ దారిలో గుంతలు కూడా తప్పించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మామ, పిలవకుండానే, వాళ్లింటికి వచ్చాడు. ఫ్యాను చప్పుడు చేస్తోందని స్టూలేసుకుని రెక్కలు తుడిచాడు. తుడిచిన రెక్కనే మళ్లీ తుడిచాడు. అమ్మ పెట్టిన చాయ చల్లారిపోయింది. నీల ఫోన్ను మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. స్క్రీన్ ఆరిపోయినప్పుడల్లా నొక్కి వెలిగిస్తోంది. లింకు పోయి చాలాసేపయింది. ఈపాటికి చీర పెట్టడం వచ్చి ఉంటుంది. ఈపాటికి అయిపోయి ఉంటుంది.

ఫోన్ మోగింది. అమ్మ స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

"బిడ్డా!" అవతల రూమంతా గోలగోలగా ఉంది. "అచ్చం మా అవ్వ లెక్కనే ఉన్నవు చీరెల! గంభీరావుపేటాయన రెండుపార్లు ఏడ్సిండు, ఆయినకేమైతవో నువ్వు!" అందరూ నవ్వుతున్నారు. "అంతా మంచిగచ్చింది. గని మీ మామ మైకు పట్టకుంట ఎట్లున్నడే? మా పెండ్లిల గూడ ఇడువలే గదా!"

"కరెంటు వోయింది బావా" అన్నాడు మామ స్టూలు మీది నుంచే, గబగబా. "మైకు బందువడ్డది."

"కరెంటు వోతే వెనుక గా లైట్ల దండలెట్ల మెరుస్తున్నయి బామ్మర్దీ?"

దమ్మామ్‌లో రూము మొత్తం పకపక నవ్వింది. మామ చేతిలో గుడ్డ ఆగిపోయింది. అమ్మ కొంగు సర్దుకుని వంటింట్లోకి పోయింది. నవ్వు తగ్గేకొద్దీ అవతలి గదిలో ఫ్యాను చప్పుడు వినిపించడం మొదలైంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి.

"నేనే తీయించిన బాపూ" అంది నీల.

"ఏంది?"

"మామ మాట్లాడింది. నేనే తీసెయ్యిమన్న."

బాపు ఫోన్ పట్టుకుని బయటికి నడుస్తున్నట్టుంది. గోల వెనకబడి, గాలి చప్పుడు వచ్చింది. "ఏమన్నడు?" అన్నాడు, నెమ్మదిగా.

నీల మామ వైపు చూసింది. ఆయన స్టూలు దిగి ఉన్నాడు. ఎప్పుడు దిగాడో.

"వద్దు బాపూ."

"సరే బిడ్డా" అన్నాడు బాపు. "వద్దంటే వద్దు. మామకియ్యి ఫోను."

మామ ఫోన్ తీసుకున్నాడు. స్పీకర్ ఆపి వాకిట్లోకి పోయాడు. నీల కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. ఆయన గోడ వెంట ఆ చివరిదాకా నడిచాడు, తిరిగాడు, మళ్లీ నడిచాడు. పెదాలు కదలడం లేదు. అవతల మాటలే వింటున్నట్టుంది. ఒకచోట ఆగి, గోడ సున్నాన్ని గోటితో గీకుతూ తల ఊపాడు. ఫోన్లో అవతలివాళ్లకు కనపడదని తెలియనట్టు మళ్లీ ఊపాడు. ఆ తర్వాత ఎట్టకేలకు నోరు తెరిచి ఏదో అన్నాడు. చిన్న మాట. నిన్న స్టూడియోలో ఫోన్లో అనలేకపోయిన మాటే కావచ్చు; కిటికీ దాకా మాత్రం రాలేదు.

వంటింట్లోంచి అమ్మ వచ్చి నీల పక్కన నిలబడింది. ఇద్దరూ ఆయన లోపలికి వచ్చేదాకా అట్లాగే చూస్తూ ఉన్నారు.